ఆరుగురు కలిసి ఒక్క క్రోషే దుప్పటి అల్లడం ఎలా?

క్రోషే, అంటే కొక్కెం లాంటి హుక్‌తో దారం అల్లే పని, చేసేవాళ్లకి పని చేసుకోవడానికి ఫలానా చోటంటూ అక్కర్లేదు. టీవీ ముందు, మెట్రోలో, పిల్లల ట్యూషన్ అయ్యేదాకా బయట మెట్ల మీద, ఎక్కడ కూర్చున్నా సంచిలోంచి ఉండ, హుక్ బయటికొస్తాయి. అలాంటివాళ్లు నలుగురైదుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లోనో, ఒకే ఆఫీసులోనో ఒకరికొకరు తారసపడితే కొన్నాళ్లకి జట్టు తయారవుతుంది. ఇంకొన్నాళ్లకి ఎవరో ఒకరు అననే అంటారు: "అందరం కలిసి ఒక పెద్ద దుప్పటి చేద్దామా?"

అందరూ ఊ అంటారు. మొదటి వారం వాట్సాప్ గ్రూపు ఫోటోలతో నిండిపోతుంది. ఆ తర్వాత చాలా జట్లలో జరిగేది ఒకటే. సగం స్క్వేర్లు, అంటే కలిపితే దుప్పటయ్యే చదరపు ముక్కలు, ఒక కవర్లో పడి ఎవరింట్లోనో బీరువా పైకెక్కుతాయి. దీనికి బద్ధకం కారణం అనుకుంటారు గానీ, నేను చూసినంతలో అసలు కారణం అది కాదు. అందరివీ ఒకచోట పరిచాక ఒకరిది చిన్నది, ఒకరిది పెద్దది, ఒకరిది మూలలు లేచి పడవలా ఉంటుంది. ఎవరి పనిని వద్దనాలో తెలీక అందరూ మౌనంగా ఉండిపోతారు. అందుకే ఈ పద్ధతినంతా ఆరు చేతుల తేడాని ముందే ఎలా సర్దుకోవాలి అనేదాని చుట్టూ రాస్తున్నాను.

లెక్క ఇదీ. 15 సెంటీమీటర్ల గ్రానీ స్క్వేర్లు (నడిమి నుంచి బయటికి చుట్లు చుట్లుగా అల్లేవి) 48. అడ్డం ఆరు, నిలువు ఎనిమిది. అంటే 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు. ఏసీ గదిలో కాళ్ల మీద కప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఆరుగురికి తలా ఎనిమిది వస్తాయి. ఇది పెద్ద పని అనిపిస్తే, 2016 జనవరి 31న చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' జట్టు కలిపి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టిన దుప్పటి 11,148.5 చదరపు మీటర్లని గుర్తు చేసుకోండి. మనది ఒక చదరపు మీటరు, ఆ పైన కాస్త.

1. ముందు పని పంచుకోండి

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ప్రతి స్క్వేర్‌కీ ఆరు చుట్లు ఉంటాయి. అందులో ఐదు చుట్లు మాత్రమే ఎవరికి వాళ్లు అల్లుతారు. ఆరో చుట్టు, కలపడం, అంచు, ఈ మూడూ ఒక్కరే చేస్తారు.

మా జట్టులో ఈ మాట చెప్పింది నరసాపురం వైపు నుంచి వచ్చిన పిన్నిగారు. అక్కడి లేసు పనిలో పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకు పని చేసేవాళ్లు వేరు. "ఆరు చేతులతో అల్లుకోండమ్మా, అతుకు మాత్రం ఒక్క చేత్తోనే పడాలి," అన్నారావిడ. 19వ శతాబ్దంలో మిషనరీలతో గోదావరి జిల్లాలకి వచ్చిన ఆ పనికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా దక్కింది. మనం సరదాకి చేసుకునే పనిని అక్కడ ఆడవాళ్లు తరతరాలుగా ముక్కకింత అని చాలా తక్కువ కూలికి చేస్తూ వచ్చారు. ఆ అనుభవంలోంచి వచ్చిన మాట కాబట్టి వినడం మంచిది.

కలిపే మనిషిని ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. అందరికంటే అందంగా అల్లేవాళ్లు కానక్కర్లేదు. చెయ్యి ఒకే తీరుగా నడిచేవాళ్లు, పని మధ్యలో వదలనివాళ్లు కావాలి. వాళ్లకి స్క్వేర్ల వాటా తగ్గించి మిగతావాళ్లు తలో ఒకటి రెండు ఎక్కువ తీసుకుంటే న్యాయంగా ఉంటుంది. ఇంకొకరికి డబ్బు లెక్క అప్పగించండి. ఒక చిన్న నోట్‌బుక్ చాలు. దారం డబ్బులు ముందే పోగు చేయాలి. "తర్వాత చూసుకుందాంలే" అని మొదలైన జట్టు పని చివర్లో తప్పకుండా ఒక ఇబ్బందికరమైన మెసేజ్ దగ్గర తేలుతుంది.

2. దారం

మన ఎండలకి ఊలు అక్కర్లేదు, నూలు దారం తీసుకోండి. అక్రిలిక్ చవక, రంగులు ఎక్కువ, బరువు తక్కువ. కానీ ఏప్రిల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని అల్లడమే కష్టం, ఇక కప్పుకోవడం సంగతి చెప్పక్కర్లేదు. దుప్పటి ఏ డాలస్‌కో, చలి ఊరికో వెళ్లేదైతే అక్రిలిక్ బాగానే ఉంటుంది. మిల్క్ కాటన్ పేరుతో వచ్చేది మెత్తగా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ చాలావరకు అది నూలు, అక్రిలిక్ కలిపినది. లేబుల్ చదివి కొనండి. ఏదైనా సరే, అందరిదీ ఒకే రకం, ఒకే మందం కావాలి. "మా ఇంట్లో మిగిలిన ఉండలు ఉన్నాయి, అవి వాడేద్దాం" అనే మాట ప్రతి జట్టులోనూ వస్తుంది. ప్రేమగానే కాదనండి. ఒక్క మందమైన ఉండ చాలు, పక్కనున్న నాలుగు స్క్వేర్లూ ముడుచుకుపోవడానికి.

4 మిల్లీమీటర్ల హుక్‌కి సరిపోయే, మరీ సన్నం, మరీ లావు కాని డీకే మందం ఈ పనికి బాగుంటుంది. లేసుకి వాడే సన్న స్టీలు హుక్కులు, 20 నంబరు దారం దీనికి పనికిరావు.

ఎంత కొనాలో అంచనా వేయడానికి వంటింటి త్రాసు చాలు. ముందు ఒక ఉండ కొని, ఆరు చుట్ల నమూనా స్క్వేర్ ఒకటి అల్లి తూచండి. అది 9 గ్రాములు వచ్చిందనుకోండి. 48 స్క్వేర్లకి 432 గ్రాములు. ఆరో చుట్టు ఒక్కటే స్క్వేర్ మొత్తంలో సుమారు 28 శాతం దారం తింటుంది, అంటే 48కీ కలిపి 120 గ్రాముల పైమాటే. దుప్పటి చుట్టూ మూడు వరసల అంచుకి ఇంకో 65 గ్రాములు వేసుకోండి. కాబట్టి ఆరో చుట్టుకీ అంచుకీ వాడే రంగు 190 గ్రాముల దాకా అవుతుంది. ఆ ఒక్క రంగుని మాత్రం 100 గ్రాముల ఉండలు మూడు, ఒకేసారి, ఒకే డై లాట్ నంబరుతో (అంటే ఒకే విడతలో రంగు వేసినవి) కొనాలి. లేబుల్ మీద రంగు నంబరు పక్కనే లాట్ నంబరు ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే, కొట్లో ట్యూబ్‌లైట్ కింద కనపడని తేడా ఇంటికొచ్చి పగటి వెలుతురులో చూస్తే గీత గీసినట్టు కనిపిస్తుంది. లోపలి రంగులకి అంత పట్టింపు లేదు. తలకి 50 గ్రాములు, కాస్త అటూ ఇటూ.

సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట దారాలు, లేసులు అమ్మే కొట్లకి వెళ్తే ఉండని చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. ఆన్‌లైన్‌లో అయితే అందరిదీ కలిపి ఒకే ఆర్డర్ పెట్టండి.

ముదురు ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ ఎంచుకుంటే అల్లకముందే ఒక పరీక్ష చేయండి. ఒక మూర దారం తీసి తడిపి, తెల్ల గుడ్డలో గట్టిగా పిండండి. గుడ్డకి రంగు అంటితే ఆ ఉండ వెనక్కిచ్చేయండి. తెల్లటి ఆరో చుట్టు పక్కన అది ఉండకూడదు.

3. అందరూ ఒకే భాషలో మాట్లాడుకోవాలి

ఇది చిన్న విషయం, కానీ మొదటి రోజే తేల్చుకోవాలి. అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు. అమెరికా సింగిల్ అంటే బ్రిటిష్ డబుల్. యూట్యూబ్ చూసి నేర్చుకున్న అమ్మాయిలు ఎక్కువగా అమెరికా పద్ధతిలో ఉంటారు, పాత పుస్తకాలు చూసి నేర్చుకున్న పెద్దవాళ్లలో చాలామంది బ్రిటిష్ పద్ధతిలో. ఇద్దరూ 'డబుల్ క్రోషే' అంటే సరే అని తలూపి ఇళ్లకెళ్లి, ఒకరు ఎత్తుగా, ఒకరు సగం ఎత్తులో అల్లుకొస్తారు. కింద నేను వాడేవన్నీ అమెరికా పేర్లే. డబుల్ క్రోషే అంటే దారం ఒకసారి హుక్ మీద వేసుకుని, గుచ్చి లాగి, రెండేసి లూపులుగా రెండుసార్లు దింపేది.

4. చెయ్యి కొలత తీయండి

మొత్తం పనిలో అసలు మెలిక ఇక్కడే ఉంది. తొందరపడకండి.

అందరినీ ఒక మధ్యాహ్నం ఒకచోట కూర్చోబెట్టండి. ఒకే దారం, ఒకే 4 మిల్లీమీటర్ల హుక్ ఇచ్చి తలా ఒక ఐదు చుట్ల స్క్వేర్ అల్లమనండి. టీ, మిరపకాయ బజ్జీలు స్క్వేర్ పూర్తయ్యాకే. నూనె చేతుల సంగతి తెలిసిందే కదా.

అయ్యాక స్కేలు పెట్టి కొలవండి. మనకి కావలసింది 12.5 సెంటీమీటర్లు. మా జట్టులో పిన్నిగారిది 11 మీద ఆగింది, రాయిలా గట్టిగా ఉంది. ఐటీ ఆఫీసు నుంచి వచ్చే అమ్మాయిది 14 దాటింది, వేలు దూరేంత వదులు. దారం ఒకటే, హుక్ ఒకటే, చుట్లు ఒకటే.

పిన్నిగారి చెయ్యి దగ్గరగా చూస్తే కారణం తెలిసింది. దారాన్ని ఎడమ చూపుడు వేలికి రెండు మెలికలు వేసి బిగించి పట్టుకుంటారు. సన్న లేసు దారం జారకుండా ఉండాలంటే అలాగే పట్టాలి. హుక్ గుచ్చి తీసిన మొదటి లూపుని పైకి లేపకుండా గుడ్డకి ఆనించే ఉంచుతారు. పైగా లూపులు హుక్ ముక్కు దగ్గర సన్నగా ఉండే మెడ మీదే పడుతున్నాయి, లావుగా ఉండే కాడ దాకా జరగడం లేదు. హుక్ మీద 4 అని రాసి ఉన్నా, లూపు మాత్రం మూడుకే తయారవుతోంది. ఆ అమ్మాయిది సరిగ్గా దీనికి తిరగేసి ఉంది. దారం వేలికి అసలు చుట్టదు, మొదటి లూపుని గాల్లోకి లాగుతుంది.

"పిన్నిగారూ, కొంచెం వదులుగా పట్టుకోండి" అని ఎవరో అన్నారు. "చిన్నప్పట్నించీ ఇలాగే పట్టాను తల్లీ, ఇప్పుడెక్కడ వదులవుతుంది," అని నవ్వేశారావిడ. ఆవిడ మాటే సరైనది. చెయ్యి మార్చుకోమంటే రెండు స్క్వేర్లు ఓపిగ్గా వదులుగా వస్తాయి, మూడోది టీవీ చూస్తూ అల్లేటప్పటికి మళ్లీ పాత బిగువుకి వచ్చేస్తుంది. చెయ్యి జోలికి పోకుండా హుక్ మార్చండి.

స్క్వేర్ 12 కంటే తక్కువ వచ్చినవాళ్లకి 4.5 ఇవ్వండి, చాలకపోతే 5. 13 దాటినవాళ్లకి 3.5. మళ్లీ ఒకటి అల్లించి కొలవండి. 12కీ 13కీ మధ్య ఎంతొచ్చినా పర్వాలేదు, మిగిలిన తేడా ఆరో చుట్టు మింగేస్తుంది. హుక్ మార్చినా దారి పడకపోతే అప్పుడు లూపు ఎత్తు చూడండి. వెడల్పు సరిపోయి ఎత్తు తగ్గితే, మొదటి లూపుని కాస్త పైకి లాగి, లావుగా ఉన్న కాడ మీదికి జరిపి అల్లమంటే చాలు.

ఎవరికి ఏ హుక్ అనేది నోట్‌బుక్‌లో రాసి, ఆ హుక్‌కి రంగు దారం ముక్క కట్టి ఇచ్చేయండి. ఇంట్లో ఉన్న వేరే హుక్ చేతికి దొరికింది కదా అని దాంతో అల్లకూడదు.

5. ఐదు చుట్లు

నాలుగు చైన్లు (లూపులోంచి లూపు లాగే గొలుసు కుట్లు) వేసి స్లిప్ స్టిచ్‌తో (గుచ్చి, దారాన్ని హుక్ మీదున్న లూపులోంచి కూడా ఒకేసారి లాగేసే కుట్టు) గుండ్రంగా కలపండి. మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు) వచ్చినవాళ్లు అదే వాడొచ్చు, మధ్యలో రంధ్రం కనిపించదు. నూలు దారానికి మాత్రం రింగ్ కొసని బాగా కుట్టేయాలి, లేకపోతే ఉతుకులో తెరుచుకుంటుంది.

మొదటి చుట్టు: మూడు చైన్లు వేయండి, అది మొదటి డబుల్ క్రోషే కింద లెక్క. రింగులో ఇంకో రెండు డబుల్ క్రోషేలు, రెండు చైన్లు. తర్వాత మూడు డబుల్, రెండు చైన్లు అని మూడుసార్లు. మొదటి మూడు చైన్ల తల మీద స్లిప్ స్టిచ్‌తో మూసేయండి. మూడేసి డబుల్ క్రోషేల గుత్తులు నాలుగు, మూలలు నాలుగు వస్తాయి.

రెండో చుట్టు: ఒక మూలలో దారం కలిపి, అదే మూలలో మూడు డబుల్, రెండు చైన్లు, మూడు డబుల్. ఒక చైన్ వేసి పక్క మూలకి వెళ్లి మళ్లీ అంతే. నాలుగు మూలలూ అయ్యాక ఒక చైన్ వేసి మూసేయండి.

మూడు, నాలుగు, ఐదు చుట్లూ ఇదే తీరు. మూలల్లో రెండేసి గుత్తులు, మధ్య సందుల్లో ఒక్కో గుత్తి, గుత్తికీ గుత్తికీ నడుమ ఒక చైన్. ఐదో చుట్టు అయ్యేసరికి మొత్తం 20 గుత్తులుండాలి, ప్రతి వైపూ మూలలతో కలిపి ఐదు. లెక్క తప్పిన స్క్వేర్ పక్కదానితో కలవదు, కాబట్టి ముగించే ముందు ఒకసారి లెక్కపెట్టండి. స్క్వేర్ మెలి తిరుగుతుంటే ప్రతి చుట్టుకీ తిప్పి, ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు అల్లి చూడండి, నిటారుగా వస్తుంది. కానీ తిప్పితే అందరూ తిప్పాలి.

రంగుల గురించి ఒక మాట. ఐదు చుట్లకీ ఐదు రంగులు వాడితే ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. అయితే స్క్వేర్‌కి పది కొసలు మిగులుతాయి, 48 స్క్వేర్లకి 480. రంగులు మూడుకి కుదిస్తే 288. ఎన్నైనా సరే, ఎవరి కొసలు వాళ్లే దాచాలి. కొస 15 సెంటీమీటర్లు వదిలి, మొద్దు సూదితో ఒకవైపు, తిరిగి వెనక్కి, మళ్లీ ఇంకోవైపు నడిపి కత్తిరించండి. ముడులు వేయకండి. నూలులో ముడి జారిపోతుంది, జారకపోతే కాళ్లకి గుచ్చుకుంటుంది. కొసలు వేలాడుతున్న స్క్వేర్‌ని తీసుకోం అని కలిపేవాళ్లు ముందే చెప్పేయాలి, స్నేహం స్నేహమే.

6. గడువులు, మొహమాటాలు

వారానికి రెండు స్క్వేర్లు అనుకుంటే నెలలో అయిపోతాయి. కాగితం మీద. పరీక్షలు, పెళ్లిళ్లు, ఊరి నుంచి వచ్చే అత్తగారు, అన్నీ ఈ నెలలోనే ఉంటాయి కాబట్టి రెండు నెలలు పెట్టుకోండి. గ్రూపులో "ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడిగితే టెన్షన్ పెరగడం తప్ప స్క్వేర్లు పెరగవు. దాని బదులు పదిహేను రోజులకోసారి కలిసి కూర్చోండి. ఇంట్లో ముందుకు కదలనివి అక్కడ గంటలో రెండు అయిపోతాయి.

ఎవరిదైనా స్క్వేర్ పనికిరాకపోతే గ్రూపులో ఫోటో పెట్టకండి. ఫోన్ చేసి, "అక్కా, ఇది మూడో చుట్టులో ఒక గుత్తి తగ్గింది, విప్పనా, మీరే విప్పుతారా?" అని అడగండి. అడగకుండా ఒకరు అల్లింది ఇంకొకరు విప్పడం అంత తేలిగ్గా మరిచిపోయే విషయం కాదు.

ఇంకో సంగతి. మీ చేతిలో పని చూసి పక్కింటివాళ్లు "ఖాళీగానే ఉన్నారుగా, మా మనవడికీ ఒకటి అల్లిపెట్టండి" అంటారు. దుప్పటి అయ్యేదాకా కొత్త పని ఒప్పుకోవద్దని జట్టుగా అనుకుంటే, కాదనడానికి అందరికీ ఒక సాకు దొరుకుతుంది.

7. ఆరో చుట్టు, అతుకు

ఇక్కడి నుంచి ఒక్కరి చెయ్యే. 48 స్క్వేర్లూ మంచం మీద పరిచి, ఒకే రంగు పక్కపక్కన పడకుండా సర్దండి. ఒక మనిషివన్నీ ఒకేచోట ఉంచకండి, చెయ్యి తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఫోటో తీసుకుని, వరసవారీగా ఒక్కో కవర్లో వేసి కవర్ మీద నంబరు రాయండి.

మొదటి స్క్వేర్‌కి ఆరో చుట్టు మామూలుగా పూర్తి చేయండి. రెండోదానికి అల్లేటప్పుడు, మొదటిదానికి ఆనే వైపు వచ్చేసరికి గుత్తుల నడుమ వేసే ఒక చైన్ బదులు, మొదటి స్క్వేర్‌లో ఎదురుగా ఉన్న సందులోకి స్లిప్ స్టిచ్ వేయండి. మూలలో రెండు చైన్ల బదులు ఒక చైన్, ఎదుటి మూలలోకి స్లిప్ స్టిచ్, మళ్లీ ఒక చైన్. నాలుగు స్క్వేర్లు కలిసే చోట నాలుగో మూలని ముందటి స్లిప్ స్టిచ్ పడిన చోటే గుచ్చండి, లేకపోతే నడుమ బొక్క పడుతుంది.

12 సెంటీమీటర్ల స్క్వేర్‌కి ఆరో చుట్టు 4.5 హుక్‌తో, 13 ఉన్నదానికి 3.5తో అల్లితే రెండూ 15 దగ్గరికి వచ్చేస్తాయి. గుత్తుల లెక్క రెంటికీ ఒకటే కాబట్టి సందుకి సందు అతుకుతుంది, ఆ బిగింపే మిగతాది సర్దేస్తుంది.

అంచు మూడు వరసలూ గ్రానీ గుత్తులతోనే చాలు. పువ్వుల అంచు, గవ్వల అంచు బాగుంటాయి గానీ ఇన్ని రంగుల పక్కన అది కూడా ఉంటే కంటికి ఊపిరాడదు.

8. ఉతుకు, ఇవ్వడం

చల్లటి నీళ్లలో తేలికపాటి సబ్బుతో ముంచి తీయండి. పిండకుండా పెద్ద తువ్వాల్లో చుట్టి నొక్కండి. దండెం మీద వేస్తే తడి నూలు బరువుకి పొడవుగా సాగిపోతుంది, కాబట్టి చాప మీద పరిచి, మూలలు లాగి 90, 120 కొలత చూసుకుని నీడలో ఆరబెట్టండి. ఎండ మండే రోజుల్లో రాత్రికల్లా ఆరిపోతుంది, ముసురు పట్టినప్పుడు ఫ్యాను కింద రెండు రోజులు.

పసిపిల్లలున్న ఇంటికి ఇస్తుంటే ఒకటి గట్టిగా చెప్పండి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు ఇలాంటి వదులు దుప్పట్లు పక్కలో ఉంచకూడదు. గ్రానీ సందుల్లో చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి కూడా. మేలుకుని ఉన్నప్పుడు, పెద్దవాళ్ల ఒళ్లో వాడుకోవచ్చు.

దుప్పటితో పాటు ఒక చిన్న కవర్లో వాడిన ప్రతి రంగూ ఐదు మీటర్ల చొప్పున చుట్టి, మొద్దు సూది ఒకటి, ఏ దారమో, ఎలా ఉతకాలో రాసిన కాగితం పెట్టి ఇవ్వండి. ఎప్పుడైనా ఒక పోగు తెగితే దుప్పటి వెళ్లిన ఊళ్లో ఎవరో ఒకరు అదే రంగుతో అతకగలుగుతారు. మిగిలిన దారం జట్టులో పంచేసుకోండి, ఆరో చుట్టు రంగు మాత్రం కలిపినవాళ్లకే ఇవ్వండి.